చేతికి వేయని లెక్క

మట్టిముద్ద నెత్తి మనిషిగ మలచిన
కుమ్మరయ్య! నీకు కోటి నతులు;
వణకు వేలిలోని వరము మాకెఱిగించి
కథను నడుపుమయ్య కరుణతోడ.

ఏ సారె మీద తిరిగి ఈ లోకం గుండ్రనైందో, ఏ బొటనవ్రేలి ఒత్తిడికి ఈ దేహాలకు రూపు కట్టిందో, ఆ ఆదికుమ్మరికి చేతులు మోడ్చి ఇంట్లో అడుగుపెడదాం. ఇంట్లో అప్పటికే నిప్పు రాజుకుంది.

నానమ్మ గది తలుపు రెండవ రోజు కూడా తెరుచుకోలేదు.

గుమ్మం ముందు ఉంచిన పళ్లెంలో రొట్టె అంచులు ఎండి పైకి లేచాయి. సూపు మీద పలుచని పొర కట్టింది. ఆ పళ్లెం దాటి వెళ్లే ప్రతివారూ ఒక్క క్షణం ఆగి, లోపలినుంచి అలికిడి వస్తుందేమోనని చెవి ఒగ్గి, మళ్లీ తమ దారిన సాగుతున్నారు.

హాలులో బల్లమీద ఒక కాగితం పరిచి ఉంది. నాలుగుగా మడిచిన గుర్తులు దానిమీద లోతుగా పడ్డాయి. కాగితం నిండా బొగ్గుతో గీసిన ఒక ముసలి చెయ్యి. ఆ చేతిలో చెంచా. చెంచా ఒక్కచోట లేదు, తొమ్మిదిచోట్ల ఉంది. నోటిదాకా చేరబోయి దారి తప్పిన తొమ్మిది ప్రయత్నాలు ఒకదానిమీద ఒకటి నీడల్లా పేరుకున్నాయి. కింద బట్టమీద సూపు చుక్కలు. మూలన చిన్న అక్షరాలతో 'మా నానమ్మ భోజనం' అని రాసి ఉంది.

"ఎవర్నడిగి గీశావ్?" అన్నాడు నాన్న.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కొట్టు కింద ఉంది, ఇల్లు పైన. బాగుపడి యజమానులకోసం ఎదురుచూసే గడియారాలన్నీ ఈ హాలు గోడలమీదే వేలాడుతూ ఉంటాయి. అందుచేత ఆ ఇంట్లో నిశ్శబ్దమనేది ఎప్పుడూ పూర్తిగా ఉండదు. మనుషులు మాట్లాడడం ఆపితే గోడలు అందుకుంటాయి.

"అడగలేదు నాన్నా," అంది చిట్టి. మట్టిపని నేర్పే కళాశాలలో రెండో ఏడు చదువుతున్న పిల్ల.

"మూడు నెలలుగా ఆవిడ తలుపేసుకుని ఒక్కతే తింటోంది. ఎందుకో నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసే తలుపు సందులోంచి తొంగి చూశావా? దొంగపిల్లిలా?"

చిట్టి తల వంచుకుంది. తండ్రి రెండు చేతులూ జేబుల్లో దూర్చి నిలబడ్డాడు. కోపం వస్తే చేతులూపుతూ మాట్లాడే మనిషి ఈమధ్య ఇలా జేబుల్లో చేతులు పెట్టుకుని కోప్పడడం ఆమె గమనించిందేగానీ, ఎందుకా అని ఆలోచించలేదు.

కుర్చీలో కూర్చున్న అత్త నిట్టూర్చింది. నాన్నకు అక్క. శనివారం ఆఫీసువాళ్లతో కలిసి కళాశాల ప్రదర్శనకు వెళ్లి, ఆ బొమ్మను గోడమీదనుంచి పీకి, మడిచి, సంచిలో పెట్టుకుని తెచ్చింది ఆవిడే. తెచ్చి, ఎవరేమంటున్నా వినకుండా తల్లి ఎదుటే విప్పి పరిచింది. నానమ్మ బొమ్మవంక ఒకసారి, కొడుకు ముఖంవంక ఒకసారి చూసి, మారుమాట లేకుండా లేచి గదిలోకి వెళ్లింది. ఆ వేసిన గడియ ఇంతవరకూ తీయలేదు.

"నా పక్కన మావాళ్లు ముగ్గురున్నార్రా తమ్ముడూ," అంది అత్త. "ఒకావిడ 'అయ్యో, ఎవరి చెయ్యో పాపం' అంది. మా అమ్మదని ఎలా చెప్పను? కాదని ఎలా చెప్పను? నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది."

"నీ నోట్లో మాట ఉండిపోయిందా అత్తా?" అంది చిట్టి, ఆపుకోలేక.

"చూశావా! చేసిందంతా చేసి ఎలా వెక్కిరిస్తోందో చూడు నీ కూతురు! ఏమ్మా, నువ్వైనా నోరు విప్పవేం?" అని అత్త మరదలివైపు తిరిగింది.

చిట్టి తల్లి బట్టలు కుడుతుంది. కిటికీ పక్కన నిలువెత్తు కుట్టుబొమ్మకు తొడిగిన గౌనుకు మడతలు పెడుతోంది. ఆడబిడ్డ అడగగానే పెదవుల మధ్య బిగించిన గుండుసూదులను వేలితో చూపించి, మళ్లీ పనిలో పడింది. మాట్లాడడం ఇష్టం లేనప్పుడు సూదులు నోట పెట్టుకోవడం ఆమెకు పాతికేళ్ల అలవాటు. వేళ్లు మాత్రం ఆగలేదు. ఎడమ మణికట్టుకు కట్టుకున్న సూదుల దిండులో పూసల తలల నడుమ ఒక పొట్టి ఇనుప పుల్ల కూడా గుచ్చి ఉంది. చిట్టి దానిని చూసీ చూడనట్టు చూసింది. ఆ ఇంట్లో సూదులకూ పుల్లలకూ కొదవేముంది?

"నేను వెక్కిరించడానికి గియ్యలేదు నాన్నా. చూస్తుంటే నాకు..." చిట్టి మాటకోసం వెతుక్కుంది. "ఒక్క చెంచా సూపు తాగడానికి నానమ్మ అన్నిసార్లు పడిపోయి అన్నిసార్లు లేస్తోంది. తొమ్మిదిసార్లు! అంత పట్టుదల నేను ఇంకెక్కడా చూళ్లేదు. అందుకే గీశాను. ఆవిడకోసం ఒక గిన్నె కూడా చేశాను. ఇవాళే బట్టీలోంచి వస్తుంది."

"గిన్నె!" అన్నాడు నాన్న. "మనిషి రెండ్రోజులుగా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టకపోతే గిన్నె చేశానంటావా?"

"అది నానమ్మ చేతికి సరిపోయేలా..."

"సరే." ఆయన గొంతు ఉన్నట్టుండి తగ్గింది. తగ్గిన గొంతు అరుపుకన్న భయం పుట్టించింది. "మధ్యాహ్నం తీసుకురా. ఆ గిన్నెతో మా అమ్మ ఈ బల్ల దగ్గర, మా అందరి ఎదురుగా కూర్చుని తింటే నేనిక నోరెత్తను. తినలేదా, రేపట్నుంచి ఆ మట్టి చదువు నీకొద్దు. ఇంకొకళ్ల కష్టం గోడకి తగిలించే చదువు మనింట్లో వద్దు."

చిట్టి నానమ్మ తలుపువంక చూసింది. ఈ మాటలన్నీ ఆ తలుపు విన్నదని ఆమెకు తెలుసు.

*

ఆ చదువు ఏడాది మొదట్లో మట్టి మాస్టారు పిల్లలందరికీ ఒక పని అప్పగించాడు. "ఒక్క మనిషికోసం ఒక్క పాత్ర చెయ్యండి. అది ఆ మనిషి చేతిలోనే ఒదగాలి. ఇంకెవరు పట్టుకున్నా ఏదో తప్పు జరిగినట్టుండాలి. దీనికి పుస్తకాలు లేవు. వెళ్లి తినండి. తినేవాళ్లని చూడండి."

మొదటి మాట విద్యార్థులకు కష్టంగా తోచింది. రెండవమాట మహాప్రసాదమైంది. చిట్టి, అందరూ కళ్లజోడు అని పిలిచే ఆమె స్నేహితురాలు, అందరికన్న జానెడు ఎత్తున్న పొడుగోడు, ఈ ముగ్గురూ శనివారం శనివారం కళాశాల వెనకున్న బళ్ల సందుకు బయలుదేరేవారు. దానికి పొడుగోడు 'తిండియాత్ర' అని పేరు పెట్టాడు.

ఆ సందులో సాయంకాలం ఆవిరి మేఘంలా కమ్ముకుంటుంది. ఒక బండి మీద నూడుల్సు, ఒక బండి మీద సూపు, మరొకచోట కాల్చిన మొక్కజొన్న. మొదట్లో వాళ్లు తిండివంకే చూశారు. నాలుగో వారానికి చేతులు కనబడసాగాయి.

బస్సు డ్రైవరు ఒకడు గిన్నెను కింద పెట్టకుండా, చక్రం పట్టుకున్నట్టు రెండు అంచులూ పట్టుకుని తాగేవాడు. పసిబిడ్డ తల్లి ఒకామె ఎడమచేత్తో బిడ్డనూ, ఆ బిడ్డ వీపుకు ఆనించి గిన్నెనూ మోసేది. గోడలకు సున్నం వేసే మనిషి చెంచాను కుంచెలా రెండు వేళ్లతో పట్టుకునేవాడు. ఎవరి పని వారి చేతిలో దాగి, ఆకలివేళ బయటపడుతోంది! సృష్టికర్త కోట్లకొలది చేతులు చేసి కూడా ఒకదాని పట్టు మరొకదానికి ఇవ్వలేదే అని ఆ పిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. చల్లారిపోయిన నూడుల్సు ముగ్గురి చేతుల్లో ముద్ద కట్టాయి.

"తినండమ్మా, చూస్తే కడుపు నిండదు," అని బండివాడు కోప్పడేవాడు.

ఒక శనివారం సూపు బండి దగ్గర ఒక వృద్ధుడు కనిపించాడు. చెయ్యి వణుకుతోంది. ఆయన గిన్నెను రొమ్ముకు అదుముకుని, చెంచాను లోపలి అంచుకు ఆనించి, అక్కడ ఒక లిప్త ఆగి, తరువాత పైకెత్తేవాడు. ఒక్క చుక్క ఒలకలేదు. చిట్టి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. కళ్లు చెమర్చాయి. 'నానమ్మ చేతికి లోటు లేదు, ఆగడానికి చోటే లేదు' అని ఆమెకు ఆ క్షణాన తోచింది.

ఆ రాత్రినుంచే గిన్నె ఆకృతి దాల్చింది. ఒరగకుండా వెడల్పైన అడుగు. ఒకవైపు లోపలికి వంగిన అంచు, చెంచా ఆనుకుని ఆగడానికి. ఒక ప్రక్కన వేళ్లు కుదురుకునే గుంతలు.

ఆ గుంతలకోసం పచ్చిగిన్నెను తడిబట్టలో చుట్టి, పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఎవరూ లేని మధ్యాహ్నం నానమ్మ ముందు ఉంచింది.

"నేను పట్టుకుంటే ఇది ఉంటుందా? నా చెయ్యి ఊరికే ఉండదే తల్లీ," అంది నానమ్మ.

"ఉండొద్దు నానమ్మా. ఎలా ఉంటుందో అలాగే పట్టుకో."

నానమ్మవి పెద్ద చేతులు. నలభై ఏళ్లు అచ్చుకూటంలో నిలబడి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన చేతులు. కొడుక్కి మాత్రం తండ్రి పోలిక వచ్చింది, సన్నని పొట్టివేళ్లు. "నీ చేతికి నా గాజులు సరిపోతాయిరా" అని అత్త ఆయనను ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆ పెద్ద చెయ్యి తడిమట్టిని చుట్టుకుంది. నాలుగు వేళ్లూ బొటనవ్రేలూ దిగబడ్డాయి. తీసి చూస్తే ఏముంది! ప్రతి గుంతలోనూ సన్నని అలలు. నీరు తీసిన తరువాత ఇసుకమీద మిగిలే గీతలవంటివి. వణుకు తన చేవ్రాలు తానే చేసి వెళ్లింది. వాటిని చెరపడానికి చిట్టికి చేతులు రాలేదు.

నానమ్మ ఆ గీతలమీద చాలాసేపు వేలు రాసి, "ఇంత చక్కగా ఉంటుందనుకోలేదే," అంది.

*

"ఏమే మట్టిబుర్రా, కళ్లేంటి అలా ఉబ్బాయి?" అంది కళ్లజోడు, బట్టీగది వాకిట్లో.

"ఇంట్లో యుద్ధం."

"గిన్నె వల్లా, బొమ్మ వల్లా?"

"బొమ్మ వల్ల. గిన్నె వెళ్లి సంధి చెయ్యాలి."

"రాయబారాలు ఫలించిన కథ నేనెక్కడా వినలేదు," అన్నాడు పొడుగోడు. కళ్లజోడు వాడి డొక్కలో ఒక్కటి పొడిచింది.

బట్టీ తలుపు తీసేటప్పుడు ఆ గదిలో రెండు నియమాలున్నాయి. ఎవరూ మాట్లాడకూడదు. ఎవరి పాత్రను వారు తీయకూడదు. సొంతపాత్రను చూడగానే చెయ్యి తొందరపడుతుందని, వేడి తగ్గనిదే పట్టుకుని పగలగొడతారని మాస్టారి భయం. అందుచేత ఒకరి పాత్రను మరొకరు తీసి, చేతిలో పెడతారు. బిడ్డను మంత్రసాని అందించినట్టు.

తలుపు తెరుచుకుంది. వెచ్చని గాలి ముఖాలను తాకింది. రెండు రోజుల క్రితం బూడిదరంగు మట్టిగా లోపలికి వెళ్లినవి ఇప్పుడు మెరుస్తూ, నీలంగా, తేనెరంగుగా, పచ్చగా వరుసలు తీరి కూర్చున్నాయి. చల్లారుతున్న పూతలోనుంచి సన్నగా టింగుటింగుమనే నాదం. పాత్రలు తమలో తాము మాట్లాడుకుంటున్నట్టుంది. ఎన్నిసార్లు చూసినా ఆ సమయాన ఎవరికీ ఊపిరి సరిగా ఆడదు. నిప్పు ఏం చేస్తుందో చేసినవాడికి కూడా ముందు తెలియదు. అది దేవుని వంతు.

చిట్టి గిన్నెను పొడుగోడు తీశాడు. పాలమీగడ రంగు తిరిగింది. గుంతల్లోని అలల్లో పూత నిలిచి, ప్రతి గీతా నీలినీడ పట్టింది. గదిలోని వాళ్లందరూ మెడలు సాచారు. నియమం మరిచి ఒక పిల్ల "అబ్బ!" అంది. మాస్టారు కోప్పడలేదు.

పొడుగోడు గిన్నెను చిట్టి చేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు గుంతలను వెతుక్కున్నాయి. ముఖం పాలిపోయింది.

"చిన్నదైపోయింది," అంది, గాలిలో కలిసిపోయే గొంతుతో.

మాస్టారు గిన్నెను అందుకుని, తిప్పి చూసి, కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టుకున్నాడు. "మట్టి ఆరితే కొంత, కాలితే కొంత. మొత్తం ఎనిమిదో వంతు కుదించుకుపోతుంది. మొదటి ఏడు మొదటి రోజే చెప్పానా లేదా?"

"చెప్పారు సార్. అందుకే గిన్నెని ఎనిమిదో వంతు పెంచే చేశాను. లోతు పెంచాను, అడుగు పెంచాను..."

"లెక్కంతా గిన్నెకి వేశావు. చేతికి వెయ్యలేదు." ఆయన గొంతులో కోపం లేదు. "ఆవిడ చెయ్యి ఉన్నదున్నట్టుగా పట్టుకుంది. గిన్నెతోపాటు ఆ పట్టూ కాలి కుదించుకుపోయింది. అయినా నువ్వు మాత్రం ఏం చేస్తావు తల్లీ! గిన్నెని పెంచగలం. పట్టుకునే చేతిని పెంచడం ఎవడివల్ల అవుతుంది?"

చిట్టి గోడకానుకుని కూర్చుండిపోయింది. ఇంకొకటి చేయాలంటే మూడు వారాలు. ఆమెకున్నది మూడు గంటలు.

"పట్టుకెళ్లు," అన్నాడు మాస్టారు. "బట్టీలోంచి వచ్చిందాన్ని ఎవరికోసం చేశామో వాళ్లకి చూపించకుండా ఉండకూడదు."

*

గోడమీది గడియారాలు ఒకదాని వెనుక ఒకటిగా ఒంటిగంట కొట్టడం మొదలుపెట్టి, అన్నీ ముగించేసరికి అరనిమిషం పట్టింది. నాన్న కొట్టు మూసి పైకి వచ్చాడు. బల్లమీద సూపు పొగలు కక్కుతోంది. అత్త వెళ్లలేదు. ఏం జరుగుతుందో చూడకుండా వెళ్లే మనిషి కాదు.

చిట్టి గిన్నెను గుండెకు హత్తుకుని నానమ్మ తలుపు ముందు కూర్చుంది.

"నానమ్మా. తెచ్చాను. కానీ తప్పు చేశాను. నీ చెయ్యి పట్టదు. చిన్నదైపోయింది."

లోపల మంచం కిర్రుమంది.

"ఎంత చిన్నది?" అంది నానమ్మ గొంతు. రెండు రోజుల్లో అదే మొదటిమాట.

"ఎనిమిదో వంతు."

"నేను పనిలో చేరిన కొత్తలో ఒక పెళ్లి శుభలేఖలో పెళ్లికొడుకు పేరు మర్చిపోయి నాలుగువందల కాగితాలు అచ్చేశానే. దానికంటే పెద్ద తప్పా?"

చిట్టికి ఏడుపులో నవ్వు వచ్చింది. గడియ తీసిన చప్పుడైంది.

నానమ్మ గుమ్మంలో నిలబడింది. తల దువ్వుకుంది, ఉతికిన బట్ట కట్టుకుంది. చేతులు రెండూ ఎవరూ చూడకుండా దాచుకోలేదు. అవి వాటి ఇష్టానికి వణుకుతున్నాయి. నడిచి వచ్చి, మూడు నెలలుగా ఖాళీగా ఉన్న తన కుర్చీలో కూర్చుంది. నాన్న ఆ చేతులవంక చూడలేక కిటికీవైపు ముఖం తిప్పుకున్నాడు.

"ఏదీ, ఇటివ్వు."

చిట్టి అందులో గరిటెడు సూపు పోసి, చెంచా వేసి ఇచ్చింది. నానమ్మ గిన్నెను పట్టుకుంది. పెద్దవేళ్లు గుంతల అంచులమీదనే ఆగిపోయాయి. ఇమడలేదు.

"ముందే అనుకున్నా," అంది అత్త.

"అయిపోయిందిగా," అన్నాడు నాన్న, కిటికీవైపే చూస్తూ. "ఇక ఆ చదువు సంగతి..."

"నువ్విలా రా," అంది నానమ్మ.

"ఎందుకమ్మా?"

"రమ్మంటే రావాలి. నా పక్కన కూర్చో. చేతులు బయటికి తియ్యి. తీసి ఇది పట్టుకో."

"నాకెందుకది? చిన్నపిల్లల ఆట!"

"ఒరేయ్." పేర్చిన అక్షరాలను బిగించే గొంతు అది. "పట్టుకోమన్నాను."

ఆయన కూర్చున్నాడు. కుడిచెయ్యి మెల్లగా జేబులోనుంచి బయటికి వచ్చింది. సన్నని పొట్టివేళ్లు గిన్నె చుట్టూ చేరాయి. నాలుగు గుంతల్లో నాలుగు, అయిదవదానిలో బొటనవ్రేలు. మూత పెట్టెమీద కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఆ గుంతలు ఆయనకోసమే తవ్వినట్టుంది.

గిన్నెలో చెంచా ఉంది. అది చప్పుడు చేసింది.

టిక్. టిక్. టిక్.

అత్త గోడమీది గడియారాలవంక చూసింది. కుట్టుబొమ్మ దగ్గర అమ్మ చూడలేదు. చిట్టి తండ్రి చేతివంకే చూస్తోంది. నీలిగీతల మీద ఆయన బొటనవ్రేలు సన్నగా, ఎడతెగకుండా కదులుతోంది. నానమ్మ వణుకు మట్టిలో గీసి వెళ్లిన ప్రతి అల మీదుగా కొడుకు వణుకు నడుస్తోంది. అడుగులో అడుగు వేసినట్టు. చిట్టికి ఒళ్లంతా గగుర్పొడిచింది. తాను చేసిన తప్పు ఎవరి లెక్కలో ఒప్పు అయిందో ఆ పిల్లకు అర్థం కాలేదు. రెండుచేతులూ వాటంతటవే జోడయ్యాయి.

"ఎప్పట్నుంచిరా?" అంది నానమ్మ మెత్తగా.

ఆయన చూపు గిన్నెమీదికి దిగింది.

"నాకు తెలుసు. చలికాలంలోనే తెలుసు. మణికట్టు బొత్తాం పెట్టుకోడానికి పొద్దున్నే ఎంతసేపు తంటాలు పడేవాడివో నేను పడుకుని చూస్తూనే ఉన్నాను. నాకూ అలాగే మొదలైంది." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "మూడు నెలలు నేను తలుపేసుకుని తిన్నది సిగ్గుపడి కాదు నాయనా. నీ ఎదురుగా కూర్చుని చెంచా ఒలకబోసుకుంటే, నువ్వు నన్ను చూడవు. రేపటి నిన్ను నువ్వే చూసుకుంటావు. అది నేను భరించలేక తలుపేసుకున్నాను."

నాన్న కళ్లు మూసుకున్నాడు. చెంచా మరింత గట్టిగా మోగింది.

"మరి రెండ్రోజులు తినలేదెందుకు నానమ్మా? నామీద కోపం కాదా?" అంది చిట్టి.

"నీమీద కోపమేంటే పిచ్చిదానా! నేను దాచింది వీడి కళ్లముందు పరిచేశారు. ఇక ఎలా దాచాలా అని ఆలోచిస్తూ ఆకలి మర్చిపోయాను. ఇవాళ నువ్వు చిన్నదైపోయిందన్నావు చూడు, అప్పుడు వెలిగింది. నేను పట్టినదే, కానీ ఇక నాది కాదు, వీడి చేతిది. ఇక దాచక్కర్లేదు." ఆవిడ కూతురివైపు తిరిగింది. "నువ్వు ఆ బొమ్మ ఇస్త్రీ చేసి, ఎక్కడ పీకావో అక్కడే పెట్టిరా. మళ్లీ ఎవరైనా పాపం అంటే, మా అమ్మ చెయ్యని చెప్పు. నలభై ఏళ్లు ఊరందరి పేర్లూ పేర్చిన చెయ్యని చెప్పు."

అత్త ముక్కు తుడుచుకుంది. ఆవిడ నోట్లో మాట నిజంగానే ఉండిపోయింది.

నానమ్మ తన పాత పళ్లెంలో వేడి సూపు పోయించుకుని, చెంచా ఎత్తింది. మొదటిది ఒలికింది. రెండోదీ ఒలికింది. మూడవది నోటికి చేరింది. అందరి ఎదుటా, పట్టపగలు, ఆవిడ సూపు తాగి, "ఉప్పు తగ్గింది," అంది.

నాన్న కళ్లు తెరిచి తల్లిని చూశాడు. తరువాత తన చేతిని చూసుకున్నాడు.

"కానీ అమ్మా," అన్నాడు, "పనిలో ఏం తేడా రావడం లేదే. గడియారాలన్నీ సరిగ్గానే నడుస్తున్నాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. నువ్వు అనుకునేంత లేదు."

అప్పుడు అమ్మ కుట్టుబొమ్మ దగ్గరనుంచి కదిలింది. నోటిలోని సూదులను ఒక్కొక్కటే తీసి మణికట్టు దిండులో గుచ్చింది. తొందర లేకుండా, ఏడు సూదులు. తరువాత వాటి నడుమనుంచి ఆ పొట్టి ఇనుప పుల్లను ఊడబెరికి, బల్లమీద భర్త ముందు పెట్టింది.

అది సూదీ కాదు, పుల్లా కాదు. గడియారాల్లోని నువ్వుగింజంత మరలు బిగించే మరతిప్పు.

"మీరు బిగించినవి వదులుగా ఉంటున్నాయండీ," అంది అమ్మ. "ఆర్నెల్లుగా పొద్దున్నే మీరు లేవకముందు కిందికి వెళ్లి నేనే బిగిస్తున్నాను. ఇరవై ఏళ్లు మీ పక్కన కూర్చుని మరలు అందించాను కదా. ఎక్కడివక్కడ నాకు తెలుసు."

గోడమీద ముప్ఫై గడియారాలు నడుస్తున్నాయి. వాటిలో ఎన్నింటిని ఎవరి చెయ్యి నడిపిస్తోందో ఆ ఇంట్లో ఇంతకాలం ఒక్క ప్రాణికి మాత్రమే తెలుసు. చిట్టి అమ్మవంక కొత్తగా చూసింది. సూదులు లేని ఆ పెదవులు సన్నగా అదురుతున్నాయి. చేతులు మాత్రం నిలకడగా ఉన్నాయి.

నాన్న గిన్నెను వదల్లేదు. చెంచా ముంచి, లోపలికి వంగిన అంచుకు ఆనించి, ఒక్క లిప్త ఆగి, పైకెత్తాడు. ఒక్క చుక్క ఒలకలేదు. మింగాడు. చిట్టితో, "నానమ్మ చేతికి పట్టేది ఇంకొకటి చెయ్యి," అన్నాడు.

"రేపు పొద్దున కొట్టు ఎవరు తెరుస్తారు?" అన్నాడు.

ఎవరిని అడిగాడో ఎవరికీ తెలియలేదు. మరతిప్పు బల్లమీద మెరుస్తోంది. ఆయన దానిని అందుకోలేదు. ఆమె దానిని వెనక్కి తీసుకోలేదు.

ఈ కథ చదివినవారికీ, ప్రక్కన కూర్చుని విన్నవారికీ ఆ కుమ్మరయ్య చేతిబలం ప్రసాదించుగాక. బలం సడలిననాడు దాచుకోనక్కరలేని ఇల్లు ప్రసాదించుగాక. ముద్ద జారినచోట అందుకునే చెయ్యి ఒకటి ఉండుగాక. తలుపులన్నీ తెరుచుకొని, అందరూ ఒక్కచోట కూర్చుండి కడుపునిండ భుజింతురుగాక. స్వస్తి.